నల్ల ట్రిమ్ తెల్లబారేది రంగు పోయి కాదు

చిత్తూరు, తిరుపతి మధ్య ఏ లోడ్ బండ్ల స్టాండు దగ్గర నిలబడినా ఒక సంగతి కంటపడుతుంది. మూడు నాలుగేళ్లు తిరిగిన పికప్‌కు పెయింట్ ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. బంపరు, చక్రాల మీది వంపులు, సైడు అద్దాల వెనక డొప్పలు, ముందద్దం కింద వైపర్లు ఉండే పలక మాత్రం బూడిద పూసినట్టు తేలిపోయి ఉంటాయి. కొత్తలో కాటుకలా ఉన్న ప్లాస్టికే అది. ఈ నల్ల ప్లాస్టిక్ ముక్కలనే ట్రిమ్ అంటారు. ఇంకాస్త దగ్గరికి వెళ్తే, ఒకే బండికి రెండు పక్కలా వెలవడం ఒకేలా లేదని తెలుస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే ముఖంగా ఆపే బండికి ఎండ తగిలే పక్క ముందు పాలిపోతుంది. నిలువుగా ఉండే తలుపు పట్టీ కంటే ఆకాశం కేసి చూసే వైపర్ పలక ముందు పాలిపోతుంది.

పాత లారీకి ఈ బెంగ లేదు. దాని బంపరు ఇనుము. వెలిస్తే ఆయుధపూజకు ముందు మళ్లీ రంగేస్తే సరి. ఇప్పుడు కొత్త లారీల క్యాబిన్ మెట్లు, మడ్‌గార్డులు, ముందు బంపరు చాలావరకు ప్లాస్టిక్కే. 2016 నుంచి ఇసుజు పికప్‌లు పక్కనే శ్రీసిటీలో తయారవుతున్నాయి. అలాంటి బండ్లకైతే నల్ల ట్రిమ్ అందంలో కూడా భాగం.

వెలిసిందెందుకు అంటే ‘ఎండకు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తప్పేమీ కాదు. కానీ అక్కడితో ఆగిపోవడం వల్లే డీజిల్ గుడ్డ నుంచి కొబ్బరినూనె దాకా చేతికి అందినదల్లా ఆ ప్లాస్టిక్ మీదికి చేరుతోంది. పూసిన పూట మెరుస్తుంది, వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. అసలు పోయింది రంగు కాదని ముందు తెలిస్తే, ఏది పనికొస్తుందో ఏది చెరుపు చేస్తుందో తేల్చుకోవడం సులువు.

చీర ఎండలో వెలిసినప్పుడు నిజంగానే రంగు చస్తుంది. అద్దకపు రంగు అణువులే విరిగిపోతాయి. ట్రిమ్‌లో నలుపు కోసం కలిపేది కార్బన్ బ్లాక్. నూనెను సరిగా మండనివ్వకుండా రాబట్టే మెత్తటి మసి అది, దీపం మీద పట్టే కాటుకకు దగ్గరి చుట్టం. ఎండ దాన్ని ఏమీ చేయలేదు. మరి నలుపు అక్కడే ఉంటే తెలుపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

చిత్తూరు జిల్లాలో గ్రానైట్ యూనిట్లు చూసినవాళ్లకు దీనికి జవాబు తెలుసు. అప్పుడే కోసిన నల్లరాయి పలక బూడిద రంగులో ఉంటుంది. నీళ్లు పోస్తే ఒక్కసారిగా నల్లబడుతుంది, ఆరగానే మళ్లీ బూడిదే. అదే పలకకు పాలిష్ పడితే ఎప్పటికీ నలుపే. రాయిలో రంగు మారలేదు, మారింది పైభాగం. గరుకుగా ఉన్న పైభాగం వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, ఆ చెదిరిన తెల్ల వెలుతురే కంటికి బూడిద రంగుగా కనిపిస్తుంది. నీళ్లు ఆ గరుకును నింపితే చెదరడం ఆగి, కింది నలుపు కనిపిస్తుంది. ట్రిమ్ విషయంలో జరిగేది అచ్చంగా ఇదే. తేడా ఒక్కటే, రాయి రంపం కింద గరుకవుతుంది, ప్లాస్టిక్ ఎండలో గరుకవుతుంది.

ఈ ముక్కల్లో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దెబ్బ తట్టుకోవడానికి ఈపీడీఎం అనే రబ్బరును, బిగువు కోసం టాల్క్‌ను కలుపుతారు. టాల్క్ అంటే ముఖానికి రాసుకునే పౌడర్లో ఉండే తెల్ల రాతిపొడే. వీటి మీద పెయింట్ ఉండదు. రంగు ముద్దలోనే కలిపి అచ్చు పోస్తారు కాబట్టి ఎండకూ ప్లాస్టిక్‌కూ మధ్య వేరే తొడుగేమీ లేదు. పాలీప్రొపిలీన్ అణువు అంటే కార్బన్లు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. అందులో ఒకటి విడిచి ఒకటిగా ప్రతి కార్బన్ దగ్గరా ఒక బలహీనమైన చోటు ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల వల్ల అక్కడి హైడ్రోజన్ ఊడుతుంది, గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది, గొలుసు తెగుతుంది. తెగినచోట పుట్టిన రాడికల్, అంటే దేనితోనైనా కలబడే అణువు ముక్క, పక్క గొలుసు మీద పడుతుంది. పొడవాటి గొలుసులు పొట్టివయ్యేకొద్దీ పైపొర పెళుసెక్కి, కంటికి ఆనని పగుళ్లు తేలతాయి. లోపలున్న టాల్క్ బయటపడుతుంది. వెలిసిన బంపరును వేలితో రాస్తే అంటుకునే పొడి ఇదే.

తయారు చేసేవాళ్లకు ఇది తెలియనిదేమీ కాదు. అందుకే ముద్దలో హాల్స్ అని పిలిచే అమీన్ జాతి రసాయనాలు కొద్దిగా కలుపుతారు. ఇవి కిరణాలను ఆపవు. గొలుసు తెంచే రాడికల్స్‌ను పట్టుకుని నిర్వీర్యం చేసి, మళ్లీ పాత రూపానికి వచ్చి, ఇంకోదాన్ని పట్టుకుంటాయి. పైపొరలో తరిగితే లోపలి నుంచి మెల్లగా పైకి చేరతాయి. అంటే ట్రిమ్‌కు కాపలా లోపలే ఉంది. పైనుంచి పూసే ఏ సీసాలోనూ అంత కాపలా లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బజారులో సగం డబ్బాల మీద మోజు తగ్గుతుంది.

కార్బన్ బ్లాక్ కూడా కాపలాదారే. మామిడి తోటల్లో ఏళ్ల తరబడి ఎండలో పడి ఉండే నల్ల డ్రిప్ పైపులు చూడండి. నల్ల పాలిథిన్ పైపుల్లో కార్బన్ బ్లాక్ 2.5 శాతం అటూ ఇటూగా ఉండాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎర్ర కుర్చీ కూడా పాలీప్రొపిలీనే, కానీ మిద్దె మీద రెండు వేసవులు వదిలేస్తే కూర్చున్నవాడిని కిందపడేస్తుంది. మరి నలుపు ఉండీ ట్రిమ్ ఎందుకు తెల్లబారుతుంది? కార్బన్ బ్లాక్ ఎండను లోపలికి పోనివ్వకుండా పైపొరలోనే తాగేస్తుంది. లోపలి భాగం బతుకుతుంది, ఆ పైపొర మాత్రం బలవుతుంది. మిద్దె మీది నల్ల నీళ్ల ట్యాంకుకూ జరిగేది ఇదే. కాకపోతే ట్యాంకు అందాన్ని ఎవరూ పట్టించుకోరు.

దీనికి వేడి తోడవుతుంది. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. సూర్యుడు ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు నడిమిలో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచి, మిగతా ఎనిమిది నెలలు దక్షిణం నుంచి పడుతుంది. మే నెలలో గాలి వేడే 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. నల్ల ప్లాస్టిక్ దానికంటే ఎంతో ఎక్కువ కాగి, చెయ్యి పెట్టలేనంతగా ఉంటుంది. ఇలాంటి రసాయన చర్యలు పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు వేగం అందుకుంటాయని ఒక మోటు లెక్క. పొద్దున తూర్పు ఎండకూ సాయంత్రం పడమటి ఎండకూ కిరణాల్లో పెద్ద తేడా లేదు. కానీ సాయంత్రానికి బండి అప్పటికే కాగి ఉంటుంది కాబట్టి పడమటి పక్కకు దెబ్బ ఎక్కువ. బండిని రోజుకోవైపు తిప్పి నిలపడం పైసా ఖర్చు లేని పని. అయినా చేసేవాళ్లు తక్కువ.

నీడను మించిన మందు లేదు. రేకుల షెడ్డు అయినా సరే, ముందు భాగం మీద కప్పిన పట్టా అయినా సరే. పట్టా కప్పేటప్పుడు కింద దుమ్ము లేకుండా చూసుకోవాలి. గాలికి పట్టా ఊగితే మధ్యలో ఇరుక్కున్న ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది. చెట్టు నీడ కూడా మంచిదే, మీద పడే రెట్టలను ఎండకముందే కడుక్కోగలిగితే.

ఇక సీసాల సంగతి. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్, ట్రిమ్ డ్రెస్సింగ్ అని అమ్మేవాటిలో చాలావరకు సిలికోన్ నూనె ఉంటుంది. అది పగుళ్లలో నిండి, రాయి మీద నీళ్లు పోసిన పనే చేస్తుంది. నీళ్ల కంటే ఆలస్యంగా ఆరుతుంది, అంతే. సిలికోన్ నూనె అతినీలలోహిత కిరణాలను దాదాపు అడ్డుకోదు, సూటిగా లోపలికి వదిలేస్తుంది. డబ్బా మీద ‘యూవీ ప్రొటెక్షన్’ అని రాసి ఉంటే అందులో కిరణాలను తాగే వేరే రసాయనం కలిపి ఉండాలి. కలిపినా ఇంకో చిక్కు ఉంది. అలాంటి రసాయనం ఎంత అడ్డుకుంటుందన్నది పొర మందం మీద ఆధారపడుతుంది. పెయింట్ మీద ఫ్యాక్టరీలో వేసే క్లియర్ కోట్ నలభై, యాభై మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. గుడ్డతో రుద్దిన పాలిష్ దాని దరిదాపులకు కూడా రాదు. అంత పలచని పొర ఎంత ఆపుతుందో ఊహించుకోవచ్చు.

అలాగని డ్రెస్సింగ్ వ్యర్థమనలేం. బురద అంటుకోకుండా, కడిగినప్పుడు మురికి తేలిగ్గా వదిలేలా చేస్తుంది. కొనేటప్పుడు నీళ్ల ఆధారంగా చేసినదా, పెట్రోలియం సాల్వెంట్‌తో చేసినదా అన్నది చూడాలి. మొదటిది పాలలా తెల్లగా ఉంటుంది. రెండోది తేటగా, జిడ్డుగా, కిరసనాయిలు వాసనతో ఉంటుంది. మొదటిదే తీసుకోవాలి. పూశాక పది నిమిషాలు ఆగి పొడి గుడ్డతో తుడిచేయాలి. జిడ్డుగా వదిలేస్తే పుత్తూరు దారిలో కంకర క్రషర్ల దుమ్మంతా దాని మీదే పేరుకుంటుంది.

కిరసనాయిలు, డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. అవి మందు కాదు, రోగం. పాలీప్రొపిలీన్, ఈపీడీఎం రెండూ ఈ నూనెల్లాగే కార్బన్, హైడ్రోజన్‌లతో అయిన హైడ్రోకార్బన్ జాతివే కాబట్టి వీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన ప్లాస్టిక్ లోంచి ఆ కాపలా రసాయనాలు నూనెలో కరిగి బయటికొస్తాయి, గుడ్డతో పాటు పోతాయి. డీజిల్ ఆరాక మిగిలేది ముందుకంటే దిక్కులేని ప్లాస్టిక్. వాటర్ సర్వీస్ దగ్గర కడిగాక తుప్పు పట్టకుండా అడుగున ఆయిల్ కొట్టించుకునే అలవాటు ఉంది. ఆ తుంపర మడ్‌గార్డుల మీద, బంపరు కింద పడకుండా చూడమని కుర్రాడికి ముందే చెప్పుకోవడం మంచిది. కొబ్బరినూనె, వేరుశనగ నూనె అంత ద్రోహం చేయవు గానీ, దుమ్ము పట్టి జిడ్డుముద్ద అవుతాయి. వేరుశనగ నూనె నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. కొత్తగా వేసిన రోడ్డు మీద ఎగిరి అంటుకున్న తారు చుక్కల మీద కాస్త నూనె రాసి పావుగంట ఆగితే మెత్తబడతాయి. తుడిచి, సబ్బు నీళ్లతో కడిగేస్తే చాలు.

హీట్ గన్ కిటుకు కూడా ఈమధ్య సెల్‌ఫోన్ వీడియోల పుణ్యమా అని ఊళ్లోకి వచ్చింది. వేడిగాలి తగలగానే బూడిద రంగు మాయమై నలుపు తేలుతుంది, చూస్తే మంత్రమే అనిపిస్తుంది. జరిగేది గ్రానైట్ పాలిష్ లాంటిదే. పైపొర కొద్దిగా కరిగి, పగుళ్లు పూడతాయి. కానీ తెగిన గొలుసులు అతుక్కోవు, అరిగిన కాపలా తిరిగి రాదు. అదే బలహీన పొర మళ్లీ ఎండలోకి వెళ్తుంది, ఈసారి ఇంకా తొందరగా పాలిపోతుంది. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గన్ గాలి దానికంటే చాలా వేడి. ఒకే చోట రెండు క్షణాలు ఎక్కువ ఆపితే ట్రిమ్ మీద అచ్చులోనే పడిన తోలులాంటి గరుకు డిజైను కరిగి నున్నటి మచ్చ మిగులుతుంది. దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు. ఒకసారికి, అది కూడా వెంటనే మీద కోటింగ్ వేసేటట్టయితేనే, ఈ పని అర్థవంతం.

కోటింగ్ అంటే గట్టిపడే జాతి. సిరామిక్ ట్రిమ్ కోటింగ్ అని చిన్న సీసాల్లో వస్తుంది. ఇది నూనెలా తడిగా ఉండిపోదు, ఆరి గాజులాంటి పలచని పొరగా పగుళ్లలో పట్టుకుంటుంది. నీళ్లకు పోదు, సబ్బుకు తొందరగా పోదు. కార్ డిటెయిలింగ్ షాపులో చేయించినా, ఇంట్లో చేసుకున్నా ఫలితం సీసా కంటే కడగడం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పాత సిలికోన్, జిడ్డు, పొడి లేచిన పైపొర పూర్తిగా పోవాలి. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షుతో గరుకులోంచి మురికి తీసి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ప్లాస్టిక్ చల్లగా ఉండాలి. మధ్యాహ్నం కాగిన బంపరు మీద పూస్తే సమంగా పరుచుకోకముందే ఆరి చారలు కడుతుంది. ఈ ప్రాంతానికి ఫిబ్రవరి ఉదయాలు బాగా కుదురుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాన పడుతుందో తెలియదు, మార్చి దాటితే ఎండ ముదురుతుంది. డబ్బా మీద రెండేళ్లు అని రాసి ఉన్నా, రోజంతా బయట నిలిచే లోడ్ బండికి అంత కాలం ఆశించడం అత్యాశే.

కోటింగ్‌కు డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఒక చెంబెడు నీళ్లు చాలు. కడిగిన ట్రిమ్ మీద నీళ్లు పోస్తే మళ్లీ కాటుకలా కనిపించిందా, కోటింగ్ దానికి సరిపోతుంది. తడిసినా మచ్చలుగానే ఉందా, పొడి ఇంకా లేస్తోందా, ముందు రుద్ది పైపొర తీయాలి. గోరుకు తగిలేంత పగుళ్లు కనిపిస్తే ఏ సీసా కొన్నా డబ్బు దండగ.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి బోరు నీళ్ల సంగతి కూడా చూడాలి. ఇక్కడి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గీజరు కాయిల్ విప్పి చూసినవాళ్లకు తెలుసు. కడిగి ఎండలోనే వదిలేస్తే చుక్క చుక్కకూ తెల్ల వలయం మిగులుతుంది. చాలామంది వెలిసిందనుకునే దానిలో కొంత నిజానికి ఈ సున్నమే. వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, రెండు నిమిషాలాగి మంచినీళ్లతో కడిగితే పోతుంది. ఇత్తడి బిందెకు చింతపండు రుద్దే సూత్రమే ఇది. అది పెయింట్ మీద, ఇనుము మీద నిలవకుండా చూసుకుంటే చాలు. అసలు నీడలో కడిగి, తడి ఆరకముందే తుడిస్తే ఈ గోలే ఉండదు. తుడిచే గుడ్డ కూడా ముఖ్యం. బనియన్ వేస్టుతో పొడి దుమ్మును తుడవడమంటే ఇసుకతో రుద్దడమే. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ.

పెయింట్ పాలిష్ వల్ల కూడా ట్రిమ్ తెల్లబడుతుంది. బాడీకి వాక్స్ రుద్దేటప్పుడు అంచులో నల్ల ప్లాస్టిక్‌కు తగిలి, గరుకు సందుల్లో ఎండిపోయి తెల్ల గీతలా మిగులుతుంది. ఒక టేపు ముక్క అంటిస్తే తప్పిపోయే తలనొప్పి ఇది.

మన దగ్గర ఇంకో ముచ్చట కూడా ఉంది. కొత్త బండి అలిపిరి దగ్గరో కాణిపాకంలోనో పూజ చేయించుకోకుండా రోడ్డెక్కదు. బంపరుకు పసుపు, కుంకుమ, గంధం తప్పవు. పసుపు మరకను చూసి కంగారు పడనక్కర్లేదు. పసుపులోని రంగు ఎండకు తనంతట తానే చస్తుంది. గంధం గరుకులో ఎండితే బ్రష్షు, నీళ్లు చాలు. కుంకుమలో కలిపే ఎరుపు ఒక్కటే మొండిది. నాలుగు రోజులు ఆగకుండా ఆ సాయంత్రమే కడిగేస్తే మంచిది. బొట్టు పెట్టే ముందు అక్కడ కాస్త డ్రెస్సింగ్ రాసి ఉంచితే రంగు గరుకులోకి దిగదు.

ఎండ తర్వాత లోడ్ బండికి శత్రువు తాడు. బెంగళూరా మామిడి కాయలు పల్ప్ ఫ్యాక్టరీలకు కదిలే జూన్, జులైలలో బండి బాడీ అంచుల మీది ప్లాస్టిక్ చూస్తే తెలుస్తుంది. దుమ్ము పట్టిన నైలాన్ తాడు ప్రతి కుదుపుకూ రంపంలా కోస్తుంది. తాడు కింద పాత ట్యూబు ముక్క వేసి కట్టడం అనుభవమున్న డ్రైవర్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. దానికంటే మంచి ఉపాయం కంపెనీలు కూడా చెప్పలేదు. ప్లాస్టిక్ క్రేటు రాసుకున్నచోట పడే తెల్ల గీతలు వేరు. అవి అరిగినవి కావు, ప్లాస్టిక్ సాగినప్పుడు టాల్క్ రేణువుల చుట్టూ సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి తెల్లగా కనిపిస్తాయి. కాస్త వేడి తగిలితే కొంత తగ్గుతాయి.

ఇవన్నీ ఎందుకు, నల్ల పెయింట్ కొట్టేస్తే పోలేదా అని టింకరింగ్ షెడ్డులో అడుగుతారు. పాలీప్రొపిలీన్‌కు దేన్నీ అంటనివ్వని గుణం ఉంది. మామూలు స్ప్రే నేరుగా కొడితే రెండో సర్వీసింగ్‌లోనే ప్రెషర్ నీళ్లకు పొరలు పొరలుగా లేస్తుంది. బంపర్లకు రంగేసే ఫ్యాక్టరీల్లో ముందు మంట తగిలించో, అతుకు కోసం ప్రత్యేక ప్రైమర్ వేసో పైపొరను సిద్ధం చేస్తారు. షెడ్డులో కూడా గరుకు కాగితం పట్టి, ప్లాస్టిక్ ప్రైమర్ వేసి, ఆ మీద రంగేస్తే నిలుస్తుంది. సిలికోన్ పాలిష్ చాలాకాలం తాగిన ముక్క మీద మాత్రం ఎంత చేసినా చేపకళ్లలా గుంటలు పడతాయి. ఆ మాట పెయింటర్‌కు ముందే చెప్పాలి.

చివరికి కొన్ని ముక్కలు మార్చక తప్పదు. మార్కెట్లో ‘డూప్లికేట్’ బంపరు సగం ధరకే దొరుకుతుంది. కొత్తలో రెండూ ఒకేలా నల్లగా మెరుస్తాయి. తేడా కనిపించేది మొదటి వేసవి దాటాకే. కాపలా రసాయనాలు తగ్గించినా, వాడేసిన ప్లాస్టిక్ కలిపినా పైకి తెలియదు. కొనేముందు ముక్కను వెనక్కి తిప్పి చూడాలి. కంపెనీ ముక్కల లోపలి పక్క మామూలుగా రెండు బాణపు గుర్తుల మధ్య చిన్న ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు పడి ఉంటాయి. ‘పీపీ ప్లస్ ఈపీడీఎం - టీడీ20’ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, ఈపీడీఎం రబ్బరు, 20 శాతం టాల్క్ అని అర్థం. హాల్స్ ఎంత వేశారో ఆ ముద్ర చెప్పదు. కానీ ఆ ముద్రే లేని ముక్క ఏ ప్లాస్టిక్కో అమ్మేవాడికి కూడా తెలిసే అవకాశం తక్కువ.